చదవకుండా పెట్టిన సంతకం

వంటగది బల్ల దగ్గర నుంచి,
ఫిబ్రవరి 3

మరదలు పిల్లకి,

ఈ ఉత్తరం చదివే ముందు ఒట్టు పెట్టు. పెట్టావా? ఆ దీవిలో నువ్వు ఒట్టు పెట్టావో లేదో చూసేవాళ్ళు లేరు గనక నీ మనస్సాక్షికే వదిలేస్తున్నాను. ఇందులో సంగతి మీ అన్నయ్య చెవిన పడకూడదు.

నేను లా ఎంట్రన్సు రాస్తున్నాను.

నవ్వితే నవ్వుకో, నాకేం వినపడదు. నలభై మూడేళ్ళ వయసులో వదినకి ఇదేం పిచ్చి అంటావు. ఆ పిచ్చి ఎక్కించింది మా ఆఫీసులో కొత్తగా చేరిన జూనియర్ లాయరు. పోయిన నెల ఒక ముసలావిడ ఇంటి కేసులో అప్పీలు గడువు తొంభై రోజులని డిక్టేషన్ చెప్పాడు. టైపు చేస్తున్నదాన్ని ఆగి, "తొంభై కాదండీ, ముప్ఫై. ఈ తొంభై నమ్ముకుని కూర్చుంటే ఆవిడకి అప్పీలే ఉండదు" అన్నాను. "టైపిస్టు గారూ, మీరు టైపు సంగతి చూసుకోండి" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. లోపలి గదిలోంచి మా ప్లీడరు గారు పుస్తకం తీసి చూసి, "ముప్ఫయ్యే" అన్నారు. అక్కడితో అయిపోయింది. ముప్ఫై అని నేను టైపు చేశాను, కింద జూనియర్ సంతకం పెట్టాడు. ఆ సంతకం వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

సాయంత్రం ఇంటికి వస్తూ లా కాలేజీ దగ్గర బస్సు దిగి దరఖాస్తు ఫారం తెచ్చుకున్నాను. సాయంత్రపు క్లాసులు, కాబట్టి ఉద్యోగం మానక్కర్లేదు. నలభై సీట్లు. మేలో పరీక్ష, జూన్‌లో ఇంటర్వ్యూ. ఏప్రిల్ పదో తేదీలోగా ఫారంతో పాటు రెండు కాగితాలు ఇవ్వాలి. లా ఎందుకు చదవాలనుకుంటున్నానో నా సొంత మాటల్లో ఒక పేజీ, నా పని ఎరిగిన పెద్దమనిషి ఎవరైనా రాసిన సిఫారసు ఉత్తరం. నలభై నాలుగు నిండితే చేర్చుకోరు. నాకు సెప్టెంబరులో నిండుతాయి. అంటే ఇదే మొదలు, ఇదే ఆఖరు.

మీ అన్నయ్యకి ఎందుకు చెప్పనో నీకు తెలుసు. నేను ఈత నేర్చుకుంటానన్నాను, నాలుగు రోజులు వెళ్ళాను. హార్మోనియం కొన్నాను, దాని మీద ఇప్పుడు ఇస్త్రీ బట్టలు పెడుతున్నాం. ఆయనకి అల్లిన స్వెట్టరుకి ఒక్కటే చెయ్యి. ఇంటికి ఎవరొచ్చినా ఆ చెయ్యి కథ చెప్పి నవ్విస్తారు. ఆయన మనసులో ఏమీ లేదు, నాకు తెలుసు. కానీ లా సంగతి మీద ఆ నవ్వు నేను తట్టుకోలేను. సీటు వస్తే చెబుతాను. రాకపోతే నాకూ నీకూ మధ్యే పోతుంది.

నువ్వు రాసినన్ని పోటీ పరీక్షలు మన ఇంటావంటా ఎవరూ రాయలేదు. నాకు పాఠం చెప్పు.

నీ వదిన


వాతావరణ కేంద్రం, దీవి
ఫిబ్రవరి 17

వదినా,

ఒట్టు పెట్టాను. సాక్షి మా పెద్ద అబ్జర్వరు గారు. ఆయన రోజుకి నాలుగు మాటలు మాట్లాడతారు, అందులో మూడు గాలి వేగం గురించే గనక రహస్యానికి ఢోకా లేదు.

నవ్వలేదు. ఉత్తరం రెండుసార్లు చదివి, వెళ్ళి వాన కొలత రాసుకుని, మళ్ళీ వచ్చి చదివాను. నాకు భలే సంతోషంగా ఉంది. ఇక్కడ ఫోను పనిచేయదు, పడవ రెండు వారాలకొకసారి వస్తుంది, ఆ పడవలో ఉల్లిపాయలూ బ్యాటరీలూ తప్ప నాకోసం ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు ఒక విద్యార్థిని దొరికింది. ఆడపడుచు పెత్తనం అంటే ఏమిటో చూపిస్తాను, కాసుకో.

మొదటి పాఠం. పేరా ఇచ్చి ప్రశ్నలు అడిగితే ముందు ప్రశ్నలు చదువు, తర్వాత పేరా. రెండో పాఠం. తెలియనిదాని మీద నిమిషం కంటే ఎక్కువ కూర్చోకు. మూడోది, గడియారం ఎదురుగా పెట్టుకుని మోడల్ పేపరు ఒకటి పూర్తిగా రాసి, మార్కులు నిజాయితీగా వేసుకుని పంపు.

దీంతో ఒక చిక్కు ప్రశ్న పెడుతున్నాను. ఆరుగురు గుండ్రటి బల్ల చుట్టూ కూర్చున్నారు. డాక్టరు టైలరు పక్కన కూర్చోడు. వడ్రంగి ఎదురుగా టీచరు ఉంది. డ్రైవరు ఎదురుగా డాక్టరు ఉన్నాడు. మిగిలినది నర్సు. టైలరుకి ఎదురుగా ఎవరు? ఆరు నిమిషాల్లో రావాలి.

సిఫారసు మీ ప్లీడరు గారినే అడుగుతావు కదా? ఆ సంగతి రాయలేదు.

నీ గురువు


వంటగది బల్ల దగ్గర నుంచి,
మార్చి 2

గురువుగారికి నమస్కారాలు,

వందకి నలభై ఒకటి. నిజాయితీగానే వేసుకున్నాను. పేరాల ప్రశ్నలన్నీ ఒప్పే. నన్ను ముంచింది మీ గుండ్రటి బల్ల.

డాక్టరు టైలరు పక్కన ఎందుకు కూర్చోడు? పద్దెనిమిదేళ్ళు లాయరు ఆఫీసులో పనిచేసినదాన్ని. ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చోరంటే కారణం తెలియకుండా నేను ముందుకెలా పోతాను? చొక్కా పాడుచేసి ఉంటాడా, మందు వికటించి ఉంటుందా అని ఆలోచిస్తూ ఆరు నిమిషాలూ గడిపాను. ఆఖరికి మిగిలిన నర్సుని టైలరుకి ఎదురుగా కూర్చోబెట్టాను. ఆవిడైతే ఇద్దరికీ నచ్చజెబుతుందని.

తెల్లవారుజామున అయిదింటికి లేచి ఏడింటిదాకా చదువుతున్నాను. ఆయన లేచేసరికి కాగితాలన్నీ టీ సామాను సొరుగులో కత్తెర కిందికి వెళ్ళిపోతాయి. అక్షరాలు మరీ చిన్నవి, చెయ్యి పొడుగ్గా చాపి చదవాల్సి వస్తోంది.

"నా సొంత మాటల్లో" రాయమన్న పేజీ రాశాను. చూసి చెప్పు.

"గౌరవనీయులైన ప్రిన్సిపాలు గారి సమక్షమునకు. దరఖాస్తుదారు సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా:
1. దరఖాస్తుదారు పై చిరునామాలో నివసించుచున్న వివాహిత. వయస్సు నలభై మూడు సంవత్సరములు.
2. దరఖాస్తుదారు గత పద్దెనిమిది సంవత్సరములుగా సదరు రంగములో టైపిస్టుగా పనిచేయుచున్నారు.
3. దరఖాస్తుదారుకు సీటు నిరాకరించిన పక్షమున పూడ్చలేని నష్టము వాటిల్లును.
కావున సదరు సీటు ఇప్పించవలసినదిగాను, సందర్భానుసారముగా తగిన మరే ఇతర ఉపశమనమునైనను కలుగజేయవలసినదిగాను ప్రార్థన. పైన చెప్పినవన్నియు నాకు తెలిసినంతవరకు నిజము."

నాకు బాగానే ఉన్నట్టుంది. కానీ ఎక్కడో తేడాగా కూడా ఉంది.

ప్లీడరు గారిని ఇంకా అడగలేదు. అడుగుతాను.

నీ వదిన


కళ్ళద్దాల షాపు, కౌంటరు వెనక నుంచి,
మార్చి 9

చెల్లాయికి,

నేను ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో. ఎవరితోనూ చెప్పుకోలేక నీకు రాస్తున్నాను. ఈ సంగతి మీ వదినకి తెలియనివ్వకు, నా మీద ఒట్టు.

నిన్న కత్తెర కోసం టీ సామాను సొరుగు తీశాను. అడుగున ఒక కాగితం. మీ వదిన చేతిరాత. పైన ఇలా ఉంది. "భర్త ఏళ్ళ తరబడి భార్య మాట పెడచెవిన పెట్టడం మానసిక క్రూరత్వం కిందికి వస్తుందా?" దాని కింద "వస్తుంది" అని రాసి రెండు గీతలు గీసింది. తర్వాత నాలుగు కారణాలు. మొదటి మూడూ చదివి ఎవరి గురించో అనుకున్నాను. నాలుగోది, "భార్య ఏదైనా చెబుతుంటే మధ్యలో లేచి షాపుకి తాళం వేశానా లేదా అని చూసుకోవడానికి వెళ్ళిపోవడం".

షాపు తాళం ఈ ఊళ్ళో నేను కాక ఇంకెవరు చూసుకుంటారు?

కాగితం ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఆమె పనిచేసేదే లాయరు దగ్గర, నోటీసు టైపు చేసుకోవడానికి పావుగంట చాలు. నీతో ఏమైనా అందా? నేనేం చెయ్యాలి?

మీ అన్నయ్య


వాతావరణ కేంద్రం, దీవి
మార్చి 17

అన్నయ్యకి,

పడవ రెండు గంటలే ఆగుతుంది, అందుకే పొట్టిగా రాస్తున్నాను. వదిన నాతో ఏమీ అనలేదని నేను అబద్ధం చెప్పలేను. అన్నదేమిటో చెప్పలేను కూడా. నా నెత్తిన ఇద్దరి ఒట్లు ఉన్నాయి.

ఒకటి మాత్రం చెబుతాను. గిన్నెలు తోము. ఆమె మాట్లాడుతుంటే కూర్చుని విను. తాళం వేశావు, ప్రతి రోజూ వేస్తూనే ఉన్నావు, పాతికేళ్ళలో ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

నీ చెల్లాయి


వాతావరణ కేంద్రం, దీవి
మార్చి 17

వదినా,

నీ "దరఖాస్తుదారు" చదివి కడుపు పట్టుకుని నవ్వాను. పెద్ద అబ్జర్వరు గారు భయపడి అయిదో మాట మాట్లాడారు, "ఒంట్లో బాగాలేదా" అని.

వదినా, ఎక్కడో కాదు, మొత్తం తేడాయే. సొంత మాటల్లో రాయమంటే నువ్వు కాలేజీ మీద పిటిషన్ వేశావు. పద్దెనిమిదేళ్ళుగా నీ వేళ్ళ మీదుగా వెళ్ళిన మాటలే మళ్ళీ వచ్చాయి తప్ప అందులో నువ్వెక్కడ ఉన్నావు? నీ మొదటి ఉత్తరంలో నాకు ముప్ఫై, తొంభై గొడవ రాశావే, ఆ సంతకం వైపు చూస్తూ కూర్చున్నానన్నావే, అదే రాయి. నాకు రాసినట్టే రాయి. దీంతో ఆ ఉత్తరం తిప్పి పంపుతున్నాను. పైన ఒట్టు, కింద స్వెట్టరు తీసేస్తే పేజీ సరిపోతుంది.

చిక్కు ప్రశ్నల్లో మనుషుల మీద జాలి పడకు. వాళ్ళు మనుషులు కారు, కుర్చీలు అనుకో. నీ జవాబు మాత్రం ఒప్పే. టైలరుకి ఎదురుగా నర్సే. ఎలా వచ్చిందో ఇంకెవరికీ చెప్పకు.

సిఫారసు గురించి పోయినసారి అడిగాను. నువ్వు నీళ్ళు నమిలావు.

ఇంకో మాట. ఇంట్లో అన్నయ్య ఏదైనా కొత్తగా చేస్తుంటే చెయ్యనీ. ఎందుకని అడగకు.

నీ గురువు


ఆఫీసు, టైపు బల్ల, మధ్యాహ్నం విరామం
మార్చి 30

మరదలు పిల్లకి,

ముందు నవ్వు సంగతి. మీ అన్నయ్యకి ఏదో అయింది. పది రోజులుగా భోజనం అవగానే చొక్కా చేతులు మడిచి గిన్నెలు తోముతున్నారు. నేను నోరు తెరిస్తే చాలు, పత్రిక పక్కన పెట్టి నా మొహంలోకి చూస్తూ కూర్చుంటారు. మొన్న పక్కింటి వాళ్ళ మురుగు పైపు గురించి ముప్పావుగంట చెప్పాను, కదల్లేదు. డాక్టరు దగ్గరికి వెళదామా అంటే, "నేను బాగానే ఉన్నాను, నువ్వు చెప్పు" అన్నారు. ఇంకా విను. నిన్న నన్ను షాపుకి పిలిచి కళ్ళు పరీక్ష చేసి, చత్వారానికి కళ్ళద్దాలు తయారుచేసి పెట్టారు. "చెయ్యి చాపి చదువుతున్నావు, రెండు నెలలుగా చూస్తున్నాను" అన్నారు. ఏం చదువుతున్నావని మాత్రం అడగలేదు. ఎందుకని అడగకు అన్నావు గనక నేనూ అడగలేదు. నీకేదో తెలుసు దొంగా.

ఆ కళ్ళద్దాలతో మోడల్ పేపరు రాస్తే అరవై మూడు వచ్చాయి. సొంత మాటల పేజీ కూడా నువ్వు చెప్పినట్టే రాసేశాను.

ఇక నవ్వు లేని సంగతి. ఇది ఎవరికీ చెప్పలేదు.

ప్లీడరు గారిని అడగలేకపోయాను. ఆయనకి డెబ్బై ఏళ్ళు. ఆయన చేతిరాత చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. లా చదువుతానంటే, "అయితే నా గతేమిటి" అంటారు, ఆ మాట తర్వాత నేను దరఖాస్తు పెట్టలేను. అందుకని ఏం చేశానంటే... ఆయన పద్ధతి నీకు ఎప్పుడో చెప్పాను. మధ్యాహ్నం ఒంటిగంటకి కాగితాల కట్ట పట్టుకెళితే, కోటు ఒక చెయ్యి తొడుక్కుంటూ నిలబడే సంతకాలు పెట్టేస్తారు. ఒక్కటీ చదవరు. "నువ్వే టైపు చేశావుగా" అంటారు, అంతే.

నేనే ఒక సిఫారసు ఉత్తరం టైపు చేశాను. నాలుగే లైన్లు. శ్రద్ధగా పనిచేస్తుంది, వేళకి వస్తుంది, నమ్మకస్తురాలు. రెండు పిటిషన్ల మధ్య పెట్టాను. సంతకం పెట్టేశారు.

ఇంటికి తెచ్చుకుని కవరులో పెట్టబోయాను. "నమ్మకస్తురాలు" అన్న మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆయన నన్ను నమ్మి చూడని కాగితం మీద ఆ మాట నేనే రాసుకున్నాను. మోసానికి నిర్వచనం ఆ తెల్లవారుజామునే చదివి ఉన్నాను, ఇంకా నోటికి వస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను. ముక్కలు ముక్కలు చేసి పారేశాను.

ఇప్పుడు సిఫారసు లేదు, పదకొండు రోజులే ఉన్నాయి. ఆయన మొహం చూడలేకపోతున్నాను. నీ జవాబు వచ్చేసరికి గడువు దాటిపోతుంది, అది తెలిసే రాస్తున్నాను.

నీ వదిన


వంటగది బల్ల దగ్గర నుంచి,
ఏప్రిల్ 11

మరదలు పిల్లకి,

కుర్చీ లాక్కుని కూర్చుని చదువు.

మూడు వారాలు గిన్నెలు తోమినా నేను ఏమీ అనకపోయేసరికి మీ అన్నయ్య భయం తారస్థాయికి చేరింది. మొన్న ఏడో తారీఖున, నేను కాగితాలు దాఖలు చెయ్యడానికి కోర్టుకి వెళ్ళిన సమయం చూసుకుని, మా ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళారు. సొరుగులో దొరికిన నా కాగితం జేబులో పెట్టుకుని. విడాకుల నోటీసు పంపొద్దని మీరైనా మా ఆవిడకి నచ్చజెప్పండి అని.

నేను తిరిగొచ్చేసరికి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ప్లీడరు గారు కాగితం కిటికీ వెలుగులో పెట్టి చూస్తున్నారు.

"ఏమయ్యా, దీని మూలన 'ప్రశ్న 17, అయిదు మార్కులు' అని ఉంది. విడాకుల నోటీసుకి మార్కులు ఎవరిస్తారు?" అన్నారు.

మీ అన్నయ్య కాగితం తీసుకుని చూశారు. ఊరందరికీ కళ్ళు పరీక్ష చేసే మనిషి, నెల రోజులుగా ఆ మూల చూడనే లేదట. నాలుగో కారణం దగ్గరే కళ్ళు ఆగిపోయాయట.

"ఎంట్రన్సా?" అన్నారు ప్లీడరు గారు నా వైపు తిరిగి.

అవునన్నాను. మీ అన్నయ్య, "లా కాలేజీనా? అంతేనా?" అని కుర్చీలో వెనక్కి వాలిపోయారు. నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంటున్నారు. "నాతో చెబితే నేను వద్దంటానా" అన్నారు. "వద్దనరు. స్వెట్టరు చెయ్యి కథలో కలిపేస్తారు" అన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత, "ఇంక ఆ కథ చెప్పను" అన్నారు. నాకూ ఏడుపు వచ్చింది.

అంతటితో ఊరుకోవచ్చు. సంతకం సంగతి వాళ్ళిద్దరికీ తెలియదు, తెలిసే దారి కూడా లేదు. అక్కడే సిఫారసు అడిగితే ఆయన ఇచ్చేవారు. కానీ నా నోరు ఆగలేదు. మొత్తం చెప్పేశాను, కట్టలో ఎన్నో కాగితంగా పెట్టానో దానితో సహా.

ప్లీడరు గారు కళ్ళజోడు తీశారు. "ఏం రాసుకున్నావు?"

"శ్రద్ధగా పనిచేస్తుందని, వేళకి వస్తుందని..."

"అంతేనా? అది ఎవరికైనా రాయొచ్చు. కూర్చో. డిక్టేషన్."

కూర్చున్నాను. ఆయన చెప్పినది నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"ఈమె టైపు చేసిన కాగితాల మీద నేను పద్దెనిమిదేళ్ళుగా చదవకుండా సంతకం పెడుతున్నాను. ఇది మంచి అలవాటు కాదు. అయినా ఈమె వల్ల నేను ఒక్కసారి కూడా తలవంచుకోవలసి రాలేదు. కిందటి నెల ఈమె తన సిఫారసు ఉత్తరం తానే రాసుకుని, మిగతా కాగితాల మధ్య పెట్టి నా చేత సంతకం చేయించుకుంది. దాన్ని వాడుకోకుండా చించేసి, నేను అడగకుండానే వచ్చి చెప్పింది. ఈమె ఎలాంటి మనిషో చెప్పడానికి నా దగ్గర ఇంతకంటే రుజువు లేదు. సీటు ఇవ్వాలో వద్దో మీరు నిర్ణయించండి. నేనైతే ఇస్తాను."

"కిందటి నెల" దగ్గర నా వేళ్ళు ఆగిపోయాయి. "ఆ వాక్యం ఉండాలా అండీ? అది చూస్తే వాళ్ళు ఫారం పక్కన పడేస్తారు" అన్నాను.

"టైపు చేసేది నువ్వు. నీ ఇష్టం" అన్నారు.

టైపు చేశాను. ఒక్క మాట కూడా తియ్యలేదు. కాగితం ఇస్తే, కోటు ఒక చెయ్యి తొడుక్కుంటూ, ఎప్పటిలాగే చదవకుండా సంతకం పెట్టేశారు.

మర్నాడు మీ అన్నయ్యే వెళ్ళి దరఖాస్తు ఇచ్చి వచ్చారు. ఆ సీలు వేసిన కవరులో నా సీటు ఉందో, నా కొంప ముంచేది ఉందో దేవుడికే తెలియాలి.

నీ వదిన


వాతావరణ కేంద్రం, దీవి
ఏప్రిల్ 14

వదినా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే పడవలో వచ్చాయి. తారీఖు చూసుకోకుండా రెండోది ముందు చదివేశాను. మొదటిది తర్వాత చదివి, ముందు ఎంత నవ్వానో తర్వాత అంత ఏడ్చాను. నువ్వు ఆ పదకొండు రోజులూ ఒక్కదానివే మోశావు. నేను ఇక్కడ మబ్బులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఆ సమయంలో నీ పక్కన ఉండాల్సింది అనిపించింది.

ఇక నా నేరం ఒప్పుకుంటాను. అన్నయ్య మార్చిలోనే నాకు రాశాడు. విడాకులు కాదురా బాబూ అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. రాయలేదు. ఒట్టు ఒక కారణం. రెండో కారణం, వాడు గిన్నెలు తోముతాడన్న ఆశ. నేను రాసింది చదివాకే వాడి భయం రెట్టింపు అయిందని ఇప్పుడు అర్థమైంది. శిక్ష నువ్వే చెప్పు.

ఆ వాక్యం ఉంచినందుకు మాత్రం నిన్ను తిట్టాలో మెచ్చుకోవాలో నాకు తెలియడం లేదు. నేనైతే తీసేసేదాన్ని. అందుకే నేను గాలి కొలుస్తున్నాను, నువ్వు లా చదవబోతున్నావు.

పరీక్షకి ఇంకా నెల ఉంది. ఏడుపు ఆపి బల్ల దగ్గర కూర్చో. దీంతో గుండ్రటి బల్లలు పదిహేను పంపుతున్నాను.

నీ గురువు


బస్సు స్టాండు బెంచీ మీద నుంచి,
జూన్ 14

మరదలు పిల్లకి,

ఇంటర్వ్యూ ఇప్పుడే అయింది. ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక ఇక్కడే రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే సర్దుకో.

పరీక్షలో డెబ్బై ఒకటి వచ్చాయని చెప్పాను కదా. నలభై సీట్లకి తొంభై మందిని పిలిచారు. వరండాలో నా పక్కన కూర్చున్న అమ్మాయికి ఇరవై రెండేళ్ళు. వణికిపోతుంటే నీళ్ళు తాగించాను. తను లోపలికి వెళ్ళాక మిగిలిన నీళ్ళు నేనే తాగేశాను.

లోపల ముగ్గురు. ప్రిన్సిపాలు గారు, ఒక లెక్చరరు, మధ్యలో రిటైరైన జడ్జి గారు, పెద్దావిడ. ఆవిడ చేతిలో ప్లీడరు గారి ఉత్తరం ఉంది. అదే పైకి చదివారు. మొత్తం. "కిందటి నెల" దగ్గరికి వచ్చేసరికి లెక్చరరు పెన్ను కింద పెట్టి నన్ను చూశాడు.

"ఇది నిజమేనా?" అన్నారు ఆవిడ.

"నిజమేనండి."

"ఎందుకు చేశారు?"

నేను సాకులు చాలా తయారుచేసుకుని వెళ్ళాను. ఒక్కటీ రాలేదు. "ఆయన వద్దంటారని భయపడ్డానండి. అడిగే ధైర్యం లేక దొంగదారి పట్టాను" అన్నాను.

"ఈ ఉత్తరం ఎవరు టైపు చేశారు?"

"నేనేనండి."

"మీ ప్లీడరు గారు దీన్ని చదివి సంతకం పెట్టారా?"

"లేదండి. చదవలేదు."

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "అంటే ఈ మూడు లైన్లూ మీరు తీసేసి ఉండొచ్చు" అన్నారు ఆవిడ.

"తీసేయొచ్చండి. అప్పుడు ఇది రెండో దొంగ ఉత్తరం అయ్యేది."

ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుని, "వెళ్ళిరండి" అన్నారు. మొహం చూసి మెచ్చుకున్నారో, మండిపడ్డారో చెప్పలేను. అలాంటి మొహం పెట్టుకునే కదా అన్నేళ్ళు తీర్పులు చెప్పారు.

నాకు ఈ సీటు కావాలి, పిల్లా. ఇంతవరకు నీతో ఇంత సూటిగా చెప్పలేదు. రాకపోయినా పరవాలేదు అని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకుంటున్నాను. పరవా ఉంది. చాలా ఉంది.

బస్సు వచ్చింది.

నీ వదిన


ఆఫీసు, మధ్యాహ్నం
జూన్ 26

మరదలు పిల్లకి,

జాబితా ఈ రోజు పదకొండింటికి పెడతారని తెలుసు. నేను వెళ్ళలేదు. ధైర్యం చాల్లేదు. మీ అన్నయ్య షాపు మూసి వెళ్ళారు. ప్లీడరు గారు ఏమీ ఎరగనట్టు పదిన్నరకే పిటిషన్ డిక్టేషన్ మొదలుపెట్టారు. ఒక టైలరుకీ, పక్క షాపు వాళ్ళకీ మధ్య గోడ తగాదా. ఆ గోడ లోంచి నీళ్ళు కారి గుడ్డలన్నీ తడిసిపోతున్నాయి. టైలరు గారు అక్కడే కూర్చుని ఉన్నారు.

నాలుగో పేరా సగంలో ఉండగా మీ అన్నయ్య గుమ్మంలోకి వచ్చారు. రొప్పుతున్నారు. నోరు తెరవబోతే ప్లీడరు గారు చెయ్యి ఎత్తారు. "వాక్యం అయ్యేదాకా ఆగవయ్యా."

ఆయన వాక్యం నీకు తెలియదు. ఒక పట్టాన అవదు. "సదరు గోడ" దగ్గర మొదలై, కట్టించిన సంవత్సరం మీదుగా, తాతల కాలంలోకి వెళ్ళి, తిరిగి గోడ దగ్గరికి వచ్చేదాకా మీ అన్నయ్య గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. నేను తల ఎత్తలేదు. వేళ్ళు వాటంతట అవే పోతున్నాయి. చుక్క పెట్టాక తల ఎత్తాను.

"ముప్ఫై ఎనిమిదో పేరు" అన్నారు.

"ఎన్నింటిలో?" అన్నారు టైలరు గారు పాపం, ఏమీ తెలియక.

"నలభైలో."

నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. మీ అన్నయ్య భుజం మీద చెయ్యి వేశారు, తర్వాత ఆయనా మొదలుపెట్టారు. టైలరు గారు గోడ కేసు ఓడిపోయామేమోనని బెంబేలెత్తిపోయి ప్లీడరు గారి వైపు చూశారు. "మీ కేసుకి ఏం కాలేదు. మా ఆఫీసులో లాయరు పుట్టింది" అన్నారు ఆయన.

తర్వాత లేచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. "లే" అన్నారు.

లేచాను. నా కుర్చీలో ఆయన కూర్చున్నారు. కళ్ళజోడు సవరించుకుని, అక్షరాలు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ, రెండు చూపుడువేళ్ళు పైకెత్తి పట్టుకున్నారు. "అయిదో పేరా నువ్వు చెప్పు. నేను కొడతాను."

పద్దెనిమిదేళ్ళుగా ఆ గదిలో వినడమే తప్ప చెప్పడం తెలియదు. టైలరు గారు నా వైపు చూస్తున్నారు. నిజంగా తెలుసుకుందామన్నట్టు చూస్తున్నారు. నేను ఆయన్నే అడిగాను, "మొదటిసారి నీళ్ళు ఎప్పుడు కారాయి? అప్పుడు మీ షాపులో ఎవరి బట్టలున్నాయి?" ఆయన చెప్పారు. పెళ్ళి దుస్తులట, మర్నాటికి ఇవ్వాల్సినవి. ఆ మాటలే తీసుకుని, మామూలుగా, నీకు ఉత్తరం రాసినట్టు చెప్పాను. "సదరు" అని ఒక్కసారి కూడా అనలేదు.

"నిదానం, నిదానం" అంటూ ప్లీడరు గారు ఒక్కో అక్షరం పొడిచారు. మీ అన్నయ్య పక్కన స్టూలు మీద కూర్చున్నారు. పేరా పూర్తయ్యేసరికి ముప్పావుగంట పట్టింది. టైలరు గారు కాగితం తీసుకుని చదువుకుని, "ఇలాగేనండి జరిగింది" అన్నారు.

ఆరో పేరా కూడా నేనే చెప్పాను.

నీ వదిన